మందు వేశాక తెల్లచుక్కలు ఎందుకు పెరిగాయి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇది. హైదరాబాద్‌లో ఇల్లు, డిసెంబరు చలి, హీటరు లేని రెండడుగుల అక్వేరియం. అందులో గప్పీలు, ఎనిమిది నియాన్ టెట్రాలు, ఒక చిన్న గోల్డ్‌ఫిష్ ఉన్నాయి. ఆదివారం రెండు కొత్త మోలీలను తెచ్చి నేరుగా వదిలారు. గురువారం మోలీల తోక మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనిపించాయి. దుకాణదారు ఇచ్చిన ఆకుపచ్చ మందు సీసాలోంచి పది చుక్కలు వేశారు. శుక్రవారం మచ్చలు ఇంకా పెరిగాయి కాబట్టి ఇరవై చుక్కలు వేశారు. శనివారం భయపడి నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లను, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా కడిగి మళ్లీ నింపారు. ఆదివారం పొద్దున్నకి మూడు టెట్రాలు, ఒక గప్పీ పోయాయి. ఇప్పుడు మీరు అడుగుతున్నది, మందు నకిలీదా, ఇంతకన్నా గట్టి మందు ఏది అని. పక్కింటివారు పసుపు వేయమన్నారట, అదీ అడిగారు.

మందు నకిలీది కాకపోవచ్చు. గట్టి మందు అవసరమూ లేదు. పోయిన నాలుగు చేపల్లో ఎన్నింటిని జబ్బు చంపిందో, ఎన్నింటిని వైద్యం చంపిందో చెప్పడం కష్టం. నిష్ఠూరంగా ఉన్నా ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే మిగిలిన చేపల ప్రాణం దీని మీదే ఉంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. విజయవాడలో పద్దెనిమిదేళ్లు అక్వేరియం దుకాణం నడిపాను. మొదటి రెండేళ్లలో ఇదే పని నేనూ చేశాను, పైగా డబ్బు తీసుకుని మరీ పదిమంది చేత చేయించాను.

మిగతాది చదివేలోపు మూడు పనులు చేసేయండి. గాలి పంపు పూర్తి వేగంతో నడపండి. రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి, చేపలకు ఏమీ కాదు. మళ్లీ నీళ్లన్నీ మార్చకండి, ఇంకే మందూ వేయకండి.

మీరు చూసినది తెల్లచుక్క వ్యాధే అనుకుందాం. దానికి కారణం ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణ జీవి. చేపలు పెంచేవాళ్లు పొట్టిగా ‘ఇక్’ అంటారు. మా భీమవరం వైపు ‘వైట్ స్పాట్’ అన్నారంటే రొయ్యల రైతు గుండెలో రాయి పడుతుంది. 1990ల మధ్యలో మన తీరంలో రొయ్యల చెరువులను తుడిచిపెట్టిన వైరస్ పేరు అది. దానికీ దీనికీ పేరులో తప్ప ఏ సంబంధమూ లేదు. అది వైరస్, దానికి మందు లేదు. ఇది పరాన్నజీవి, దీనికి మందు ఉంది. ఇంటర్నెట్‌లో తెలుగులో వెతికితే ఈ రెండూ కలగాపులగంగా వస్తాయి, జాగ్రత్త.

ఇక మీ అసలు ప్రశ్న. మందు వేశాక చుక్కలు ఎందుకు పెరిగాయి?

ఆ తెల్లచుక్క చేప ఒంటి మీద లేదు, చర్మం లోపల ఉంది. పైపొర కిందికి దూరి, అక్కడే చేప కణాలను తింటూ పెరుగుతుంది. పైన చేప చర్మమే దానికి దుప్పటి. మీరు నీళ్లలో వేసిన మందు ఆ దుప్పటి దాటి లోపలికి పోదు. మొదట్లో అది మన కంటికి ఆననంత చిన్నది. మూడు నాలుగు రోజులు తిని బలిశాక, సుమారు ఒక మిల్లీమీటరు దాకా పెరిగి తెల్లగా కనిపిస్తుంది. అంటే మీకు గురువారం చుక్క కనబడిందంటే, అది ఆదివారమో సోమవారమో చేపలోకి దూరినది. శుక్రవారం పెరిగిన చుక్కలు గురువారం రాత్రి కొత్తగా పుట్టినవి కావు, అప్పటికే లోపల ఉండి ఆ రోజుకు కంటికి ఆనినవి. మీరు పది చుక్కల మందు కాదు, సీసా మొత్తం ఒంపినా శుక్రవారం ఆ మచ్చలు కనబడేవే.

పూర్తిగా బలిశాక అది చర్మం చీల్చుకుని బయటపడుతుంది. అడుగుకు చేరి, గులకరాయికో ఆకుకో గాజుకో అతుక్కుని చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోతూ కొన్ని వందలు, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లలవుతాయి. గూడు మీద కూడా మందు పని చేయదు. తరువాత గూడు పగిలి ఆ పిల్లలు నీళ్లలోకి ఈదుకుంటూ వస్తాయి. వాటికి సుమారు రెండు రోజుల్లోపల ఒక చేప దొరకాలి, లేకపోతే చస్తాయి. ఉప్పయినా, మీరు వేసినలాంటి ఆకుపచ్చ మందుల్లో ఉండే మలకైట్ గ్రీన్ అయినా, మరే మందయినా చంపగలిగేది ఈ ఈదే దశలో ఉన్న పిల్లలనే.

కాబట్టి మీ కంటికి కనబడే చుక్కను మీరు చంపలేరు, మీరు చంపగలిగే పిల్ల మీ కంటికి కనబడదు. ఈ జబ్బులో జనం చేసే పొరపాట్లన్నీ ఇక్కడే మొదలవుతాయి. చుక్కలు పెరిగాయని మందు రెట్టింపు చేస్తారు. నాలుగో రోజు చుక్కలన్నీ మాయమైతే జబ్బు పోయిందని మందు ఆపేస్తారు. నిజానికి ఆ రోజు పరాన్నజీవి చేపను వదిలి అడుగున గూట్లో పిల్లలు చేస్తూ ఉంటుంది. వారం తిరిగేసరికి ఒక్కో చుక్క స్థానంలో వంద వస్తాయి, ‘మందు పని చేయలేదు’ అంటారు. ఈ వైద్యంలో లెక్కపెట్టవలసింది చుక్కలను కాదు, రోజులను.

ఎన్ని రోజులు? అది నీటి వెచ్చదనం మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రమంతా తిరగడానికి సుమారు వారం లోపే పడుతుంది. నీళ్లు చల్లబడితే చక్రం నెమ్మదిస్తుంది, పది డిగ్రీల దగ్గర నెల దాటుతుంది. చలికాలం రాత్రి మీ తొట్టిలో ఇరవై, ఇరవై ఒకటి ఉంటుందనుకుంటే, చుక్క చేప మీదే రోజుల తరబడి కూర్చుంటుంది. మీరు రోజూ వేసే మందు ఎవరినీ చంపకుండా చేపలనే అలసిపోయేలా చేస్తుంది. అందుకే మొదటి పరికరం మందు సీసా కాదు, హీటరు.

విజయవాడలో ఏప్రిల్, మే నెలల్లో తెల్లచుక్కతో మా దుకాణానికి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. సంక్రాంతి ముందు మాత్రం వరస కట్టేవారు. పగలు ఎండకు వేడెక్కి రాత్రి చల్లబడే తొట్టిలో చేప నిరోధక శక్తి తగ్గుతుంది, పరాన్నజీవికి కావలసింది అదే. ముప్పై డిగ్రీల దగ్గర ఈ పురుగు సరిగ్గా పెరగదు. అంతకు తట్టుకునే రకాలూ ఉన్నాయి కాబట్టి వేడి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇప్పుడు మీ తొట్టి లెక్క. ‘రెండడుగుల తొట్టి’ అంటే ఎన్ని లీటర్లని అడిగితే చాలామంది వంద అంటారు. టేపు తీసుకుని లోపలి కొలతలు చూడండి. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, నీటి ఎత్తు (గాజు ఎత్తు కాదు, నీటి ఎత్తు) 25 అనుకుంటే, మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 45 లీటర్లు. గులకరాళ్లు, బొమ్మలు ఆక్రమించినది తీసేస్తే సుమారు 40. సీసా మీద ‘నాలుగు లీటర్లకు ఒక చుక్క’ అని ఉంటే మీకు కావలసింది పది చుక్కలే. శుక్రవారం వేసిన ఇరవై, గురువారం పది తీసేయకుండా వేసినవి. అంటే నీళ్లలో మూడింతల మోతాదు ఉండవచ్చు. నియాన్ టెట్రాలు మలకైట్ గ్రీన్‌కు తట్టుకోలేని చేపలు, వాటికి మామూలు మోతాదులో సగమే వేయమంటారు. ముందుగా పోయినవి అవే కావడం యాదృచ్ఛికం అనుకోను.

శనివారం చేసిన పని గురించి కూడా చెప్పాలి. ఫిల్టరు స్పాంజిలో మురికిగా కనబడే గోధుమరంగు జిగురు నిజానికి మీ తొట్టికి కాలేయం లాంటిది. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాను తినే బాక్టీరియా అక్కడే కాపురం ఉంటుంది. క్లోరిన్ ఉన్న కుళాయి నీటి కింద పిండితే అది చచ్చిపోతుంది. మర్నాటి నుంచి అమ్మోనియా పేరుకుంటుంది. చుక్క వ్యాధి మొప్పలను చిల్లులు పొడుస్తుంది, క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది, అమ్మోనియా మిగతాది పూర్తి చేస్తుంది. స్పాంజిని ఎప్పుడు కడిగినా తొట్టిలోంచి తీసిన నీళ్ల బకెట్‌లో రెండుసార్లు పిండి పెట్టేయండి, చాలు. మేత ఆపమన్నది కూడా ఈ అమ్మోనియా కోసమే.

మీ ఇంట్లో నేనుంటే చేసేది ఇది.

50 వాట్ల హీటరు ఒకటి, విడిగా ఒక థర్మామీటరు కొంటాను. హీటరు మీద ఉన్న అంకెను నమ్మను. రోజుకు రెండు మూడు డిగ్రీల చొప్పున పెంచుతూ 29–30 దగ్గర నిలుపుతాను. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి గాలి రాయి పగలూ రాత్రీ నడవాలి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఒక డిగ్రీ తగ్గిస్తాను.

ఉప్పు. అయొడిన్ కలపని రాళ్ల ఉప్పు, కొందరు దొడ్డుప్పు అంటారు, అదే. చెంచాలతో కొలవకండి. రాళ్ల ఉప్పు చెంచా, మెత్తటి ఉప్పు చెంచా ఒకే బరువు తూగవు. వంటింటి త్రాసు వాడండి. లీటరుకు రెండు గ్రాములు లక్ష్యం, అంటే మీ నలభై లీటర్లకు 80 గ్రాములు. ఒక్కసారిగా కాదు. తొట్టి నీళ్లే ఒక మగ్గులో తీసుకుని కరిగించి, మొదటి రోజు 30, పన్నెండు గంటలకు 25, మర్నాడు మిగిలిన 25 గ్రాములు పోయండి. మోలీలకు ఉప్పంటే పండగ. గప్పీలు పట్టించుకోవు. టెట్రాలు మాత్రం వంకరగా ఈదుతున్నా, ఒకచోట బిగుసుకుపోయినా అక్కడితో ఆపి లీటరుకు ఒక గ్రాము దగ్గరే ఉంచండి. మొక్కలు కొన్ని కరిగిపోతాయి, వాటిని ముందే వేరే బకెట్‌లోకి తీసేయండి. చేప లేని బకెట్‌లో వారం పది రోజులుంటే వాటి మీద ఉన్న పురుగూ చస్తుంది.

నీళ్లు ఆవిరైతే మామూలు నీళ్లే పోయండి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. నీళ్లు తీసి మార్చినప్పుడు మాత్రం తీసినన్ని లీటర్లకు సరిపడా ఉప్పు మళ్లీ కలపాలి. ఈ చిన్న లెక్క తప్పి పది రోజుల్లో ఉప్పునీటి తొట్టి చేసినవాళ్లను చూశాను.

రోజు విడిచి రోజు అడుగున గొట్టం పెట్టి గులకరాళ్ల మధ్య మురికి లాగుతూ నాలుగో వంతు నీళ్లు మార్చండి. గూళ్లు అడుగునే ఉంటాయి కాబట్టి, మందు చంపలేని వాటిని గొట్టం తీసుకుపోతుంది. ఈ వైద్యంలో నాకు అన్నిటికన్నా నమ్మకమైన పని ఇదే, జనం ఎగ్గొట్టేదీ ఇదే. కొత్త నీళ్లు ఒక రోజు ముందే పట్టి గాలి రాయి పెట్టి ఉంచండి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు కలపండి. బోరు నీళ్లయినా సరే గాలి పెట్టకుండా పోయకండి. నేలలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. చలికాలం బకెట్ నీళ్లు నేరుగా పోస్తే మళ్లీ ఉష్ణోగ్రత దెబ్బ తగులుతుంది. కాస్త వేడి నీళ్లు కలిపి థర్మామీటరు చూసి పోయండి.

ఆఖరి చుక్క కనబడకుండా పోయిన తరువాత కూడా మరో వారం ఇదంతా కొనసాగించాలి. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీయండి. మొత్తం రెండు వారాలు పట్టవచ్చు.

నాలుగు రోజుల్లో కొత్త చుక్కలు ఆగకపోతే అప్పుడు మలకైట్ గ్రీన్. టెట్రాలున్నంతవరకు సీసా మీద రాసిన దానిలో సగం, ప్రతి మోతాదుకు ముందు నాలుగో వంతు నీళ్లు మార్చి, ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసేసి వేయాలి. బొగ్గు మందును పీల్చేస్తుంది. లైటు ఆపి ఉంచండి. చేతికి గ్లౌజు తప్పనిసరి, ఇంట్లో గర్భవతులుంటే వాళ్లు ఆ సీసా ముట్టకూడదు. తినే చేపల పెంపకంలో దీన్ని మన దేశంలో నిషేధించింది ఊరికే కాదు. తొట్టి మూలల్లో సిలికాన్ ఆకుపచ్చగా మారితే ఇక పోదు, అది మాత్రం భరించాలి. ఫార్మాలిన్ కలిపిన మందులు ఇంకా బాగా పనిచేస్తాయి, కానీ అది నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, పీల్చిన మనిషికీ మంచిది కాదు. పడకగదిలో పెట్టుకున్న తొట్టికి నేను దాన్ని సూచించను. నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, పెద్ద తొట్టిలో పోస్తే ఫిల్టరు బాక్టీరియా పోతుంది. అది విడి టబ్బులో వాడే మందు.

మందులు వాడలేని వారికి ఇంకో దారి ఉంది, ఓపిక ఉంటే చాలు. రెండు ప్లాస్టిక్ టబ్బులు తీసుకోండి. చేపలన్నిటినీ రోజూ ఒక టబ్బులోంచి రెండో దాంట్లోకి మార్చి, ఖాళీ అయినదాన్ని వేడి నీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి. రెండు టబ్బుల్లోనూ ఒకే వెచ్చదనం ఉండాలి. 25 డిగ్రీల దగ్గర ఎనిమిది రోజులు ఇలా చేస్తే, చేపను వదిలి అడుగున గూడు కట్టిన ప్రతి పురుగూ పిల్లలు చేసేలోపే టబ్బుతోపాటు కడుక్కుపోతుంది. ఈలోపు అసలు తొట్టి చేపలు లేకుండా నడుస్తూ ఉంటే అక్కడి పురుగులూ ఆకలితో పోతాయి. నా దగ్గర ఉన్న ముసలి ఏంజెల్ చేపల జంటను ఒకసారి ఇలాగే దక్కించుకున్నాను, ఒక్క చుక్క మందు వేయకుండా.

పసుపు సంగతి. గాయానికి పసుపు అద్దడం మన చేతి అలవాటు, చేపకూ అలాగే అనిపిస్తుంది. అది నీళ్లలో కరగదు, మొప్పల మీద పొడిగా పేరుకుంటుంది. అప్పటికే ఊపిరాడని చేపకు అదొక బరువు. పసుపు వద్దు.

ఇప్పుడు ఒక అనుమానం. మీ గోల్డ్‌ఫిష్‌కు కూడా చుక్కలు వచ్చాయన్నారు. ఆ చుక్కలు ఎక్కడున్నాయి? మొప్పల మూత మీద, ముందు రెక్కల మొదటి ముల్లు వెంబడి వరసగా, రెండు వైపులా ఒకేలా ఉన్నాయా? అయితే అది జబ్బు కాదు, మగ గోల్డ్‌ఫిష్ ఈడుకు వచ్చిన గుర్తు. చలికాలం చివర ఇవి బాగా కనబడతాయి. ఒకాయన తన రెండేళ్ల ఒరాండాను (గోల్డ్‌ఫిష్‌లో ఒక రకం) మూడు నెలల్లో నాలుగు రకాల మందుల్లో ముంచి మా దుకాణానికి తెచ్చాడు. గాజు గిన్నెలో పెట్టి టార్చి పక్కనుంచి వేసి చూస్తే, ముందు రెక్క అంచున సూదితో కుట్టినట్టు సమదూరంలో తెల్లటి గింజలు, ఒంటి మీద ఒక్కటీ లేదు. ‘మీ చేపకు పెళ్లి చేయాలండీ, వైద్యం కాదు’ అన్నాను. ఆ ఒరాండా తరువాత ఆరేళ్లు బతికింది.

తెల్లచుక్క అయితే చెల్లాచెదురుగా ఉంటుంది, తోక మీదా ఒంటి మీదా. చేప రాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది. చుక్కలు అసలే కనబడకుండా మొప్పల్లోనే ఉండి చేప పైకొచ్చి ఎగశ్వాస తీస్తూ చచ్చిపోవడమూ ఉంది. చుక్కలు రవ్వల్లా కాకుండా బంగారు పొడి చల్లినట్టు, టార్చి వెలుగులో పసుపుపచ్చగా మెరిస్తే అది వేరే జీవి, వెల్వెట్ అంటారు. దానికి మొక్కల్లాగా వెలుగు నుంచి ఆహారం తయారు చేసుకునే గుణం కొంత ఉంది కాబట్టి తొట్టికి దుప్పటి కప్పి చీకటి చేస్తారు. రాగి మందు పనిచేస్తుంది, కానీ రాగి పడిన తొట్టిలో నత్తలు, రొయ్యలు బతకవు.

ఒకసారి డిగ్రీ కళాశాలలో జువాలజీ చెప్పే మిత్రుడు తన మైక్రోస్కోపు కింద మా దుకాణం చేప తోక మీది జిగురు పెట్టి చూపించాడు. గుండ్రటి జీవి ఒకటి, చుట్టూ సన్నటి నూగు ఆడిస్తూ, తిరగలిరాయిలా మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతోంది. మధ్యలో గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకం. అది చూశాక ఇంకే పుస్తకమూ అవసరం లేకపోయింది. మీ అమ్మాయి జీవశాస్త్రం చదువుతోందన్నారు కదా, కళాశాలలో అడిగి చూడమనండి. ఆ నాడా కనబడితే అనుమానం లేదు.

పురుగు పేరు తెలియకుండా మందు వేయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక్కో పరాన్నజీవికి ఒక్కో లెక్క. కొల్లేరు చుట్టుపక్కల బొచ్చె, శీలావతి పెంచే రైతులను అడిగితే చేపల పేను గురించి గంట చెబుతారు. గుండ్రంగా, పలచగా, చేప మీద పాకుతూ కంటికి కనబడుతుంది. అది గుడ్లు చేప మీద కాదు, గట్టి వస్తువుల మీద వరసగా అంటిస్తుంది. అందుకే కొందరు చెరువులో వెదురు బద్దలు పాతి, గుడ్లు పడ్డాక తీసి ఎండబెడతారు. చెరువుల్లో దీనికి పురుగుమందు వాడతారని విని, ఒకతను పొలం మందు సీసాలోంచి ఒకే ఒక చుక్క తన నాలుగడుగుల తొట్టిలో వేశాడు. సాయంత్రానికి పేను పోయింది, చేపలూ పోయాయి. ఎకరాల చెరువుకు వేసే లెక్క తొట్టికి కుదరదు.

గోల్డ్‌ఫిష్‌లకు, కోయి రకం చేపలకు పట్టే ఇంకొకటి లంగరు పురుగు. పొలుసు కింద నుంచి తెల్లటి దారం ముక్క వేలాడుతున్నట్టు ఉంటుంది. కొసన రెండు సన్నటి తోకలు కనబడతాయి, అవి గుడ్ల సంచులు. లోపల తల లంగరులా కొమ్ములు చాచి కండలో నాటుకుని ఉంటుంది. దీన్ని పట్టకారుతో తీయవచ్చు. తడి గుడ్డలో చేపను పట్టుకుని, కళ్లు కప్పి, దారం మధ్యలో కాకుండా చర్మానికి ఆనుకున్న మొదట్లో పట్టి, అది వాలిన దిశలోనే నెమ్మదిగా లాగాలి. విసురుగా లాగితే తల లోపలే తెగుతుంది, పుండు పడుతుంది. తీసిన దాన్ని తెల్లకాగితం మీద పెట్టి కొమ్ములు వచ్చాయో లేదో చూసుకోండి. గాయం మీద పోవిడోన్ అయొడిన్ దూదితో అద్ది, మొప్పలకు తగలకుండా నీళ్లలో వదలండి. గుడ్లు అప్పటికే పడి ఉంటాయి కాబట్టి నెలపాటు వారానికోసారి ఒంటి మీద వెతకాలి.

గప్పీల మలద్వారం నుంచి ఎర్రటి దారాల్లాంటివి బయటికి వస్తే అది కమలానస్ అనే పేగు పురుగు. ఉప్పు దాన్ని తాకను కూడా తాకదు. లెవామిసోల్ కావాలి, లీటరుకు రెండు మిల్లీగ్రాములు, చీకట్లో ఒక రోజు ఉంచి తరువాత సగానికి పైగా నీళ్లు మార్చాలి. రెండు మూడు వారాలకు మళ్లీ ఒకసారి. పశువుల మందుల దుకాణంలో దొరుకుతుంది కానీ పశువైద్యుడిని అడిగి బలం లెక్క కట్టించుకోండి, అందులో వేరే మందు కలిపి ఉండకూడదు. చర్మానికి, మొప్పలకు పట్టే చదును పురుగులకు ప్రాజిక్వాంటెల్. ఫ్లవర్‌హార్న్ రకం చేప తల మీద గుంటలు పడి, తెల్లటి దారంలాంటి మలం వేస్తే అది మళ్లీ వేరే కథ. దానికి మెట్రోనిడాజోల్ మేతలో కలిపి పెట్టాలి. మీకు ప్రస్తుతం అవసరం లేదు కాబట్టి ఇక్కడ విస్తరించను.

మోలీల విషయానికి వస్తే, దుకాణంలో చేపలు బాగానే ఉన్నాయని మీరు రాశారు. ఉండే ఉంటాయి. అక్కడ అమ్మే చేపల్లో చాలా భాగం చెన్నై కొళత్తూరు నుంచో కలకత్తా నుంచో సంచుల్లో కట్టి రాత్రి బస్సుల్లో, రైళ్లలో వస్తాయి. ప్రయాణంలో అలసి దిగిన చేపను మర్నాడే మీరు కొంటే, లోపల ఉన్న పురుగు మీ ఇంట్లో బయటపడుతుంది. దుకాణదారు అబద్ధం చెప్పనక్కరలేదు, అతనికీ కనబడదు. నేను లోడు దిగిన నాలుగు రోజులదాకా ఏ చేపనూ అమ్మేవాడిని కాదు, దానికి నన్ను పిచ్చివాడన్నవాళ్లున్నారు. మీరు ఇరవై లీటర్ల పెయింటు బకెట్ ఒకటి కడిగి, అందులో స్పాంజి ఫిల్టరు పెట్టి, కొత్త చేపను మూడు వారాలు అక్కడే ఉంచండి. ఆ స్పాంజిని మామూలు రోజుల్లో పెద్ద తొట్టిలోనే ఉంచితే బాక్టీరియా సిద్ధంగా ఉంటుంది. వల కూడా దానికి విడిగా ఉండాలి. తడి వలతోనే జబ్బు ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి పోతుంది.

ఒక ఊరట ఉంది. ఈ గండం గట్టెక్కిన చేపకు తెల్లచుక్క మీద కొంత నిరోధకత వస్తుంది. మీ ఐదు టెట్రాలు నిలబడితే, ఇంకోసారి జబ్బు వచ్చినా అవి ఇంత సులువుగా లొంగవు.

గోల్డ్‌ఫిష్‌ను మాత్రం ఈ తొట్టిలోంచి తీసేయండి, జబ్బున్నా లేకపోయినా. అది చల్లటి నీళ్ల చేప, 30 డిగ్రీలు దానికి ఇబ్బంది, పైగా ఈ నలభై లీటర్లలో అన్నిటికన్నా ఎక్కువ అమ్మోనియా వదిలేది అదే. నలభై లీటర్ల నీళ్ల డ్రమ్ము సగం కోసినదైనా చాలు, గాలి రాయి వేసి లీటరుకు మూడు గ్రాముల ఉప్పుతో విడిగా ఉంచండి. ఉప్పు దానికి బాగా పడుతుంది. కానీ అంతకుముందు పక్కనుంచి టార్చి వేసి ఆ చుక్కలు రెక్క అంచున వరసగా ఉన్నాయో, ఒళ్లంతా చెదిరి ఉన్నాయో చూసి నాకు రాయండి. హీటరు పెట్టిన మర్నాడు పొద్దున్న ఆరింటికి థర్మామీటరులో ఎంత ఉందో కూడా రాయండి, ఆ అంకెను బట్టి క్యాలెండర్‌లో గీత ఏ తేదీ చుట్టూ గీయాలో చెబుతాను.